ట్రాలీ బండి లెక్క: కొన్న ధర ఒకటి, మోసే ఖర్చు ఇంకొకటి

2005 మే నెలలో టాటా మోటార్స్ 'ఏస్' బండిని మార్కెట్లోకి తెచ్చేనాటికి, మన ఊళ్లలో సరుకు తోలాలంటే మూడు చక్రాల ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి, లేదంటే లారీయో డీసీఎమ్మో పిలవాలి. మధ్యలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ ఖాళీలోకి వచ్చిందది. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్, ముప్పాతిక టన్ను సరుకు. ధర సుమారు 2.25 లక్షలు. కూరగాయలు, మినరల్ వాటర్ డబ్బాలు, టెంట్‌హౌస్ కుర్చీలు, ఇల్లు మారేవాళ్ల బీరువాలు అన్నీ దాని మీదికే ఎక్కాయి. ఇరవై ఏళ్లలో 25 లక్షల బండ్లు అమ్మామని కంపెనీ చెప్పుకుంటోంది. అప్పటిదాకా ఒకరి దగ్గర డ్రైవరుగా ఉన్నవాళ్లు వేల సంఖ్యలో ఓనర్లయింది ఈ బండితోనే.

అదే కంపెనీ 2025 సెప్టెంబరులో తెచ్చిన ఏస్ గోల్డ్ ప్లస్ డీజిల్ బండి షోరూమ్ ధర 5.52 లక్షలు. అదే ఏడాది జూన్‌లో తెచ్చిన ఏస్ ప్రో పెట్రోల్ బండి తొలి ధర 3.99 లక్షలు. ఈ ఇరవై ఏళ్లలో మామూలు సరుకుల ధరలు సగటున మూడు రెట్లు దాటి పెరిగాయి. డీజిల్ ఏస్ ధర రెండున్నర రెట్లు కూడా కాలేదు. అంటే ధర చీటీ ఒక్కటే చూస్తే చిన్న బండి ఖరీదు మిగతా బతుకు ఖర్చుతో పోటీపడి పెరగలేదు. అయినా ఏ అడ్డా దగ్గర ఏ ట్రాలీ డ్రైవరును కదిపినా, బండి మేపడం తన వల్ల కావడం లేదనే అంటాడు. ఆ మాట నిజం. ఎందుకు నిజమో తెలియాలంటే ధర చీటీ పక్కన పెట్టి, దాని వెనకున్న కాగితాలన్నీ ఒక్కొక్కటిగా విప్పాలి.

మొదటి కారణం బండి పెరగడం. పదిహేనేళ్ల క్రితం ఏస్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఇవాళ టన్నున్నర, రెండు టన్నులు మోసే పికప్ వైపు చూస్తున్నారు. టమాటా క్రేట్లు మదనపల్లె మార్కెట్‌కు తోలేవాడికీ, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తెచ్చేవాడికీ ముప్పాతిక టన్ను బండి గిట్టదు. రెండు ట్రిప్పుల పని ఒక ట్రిప్పులో అయితేనే డీజిల్ మిగులుతుంది. అశోక్ లేలాండ్ 'దోస్త్' 2011లో నాలుగు లక్షల లోపే మొదలైంది. అదే కంపెనీ 2020 సెప్టెంబరులో 'బడా దోస్త్' తెచ్చినప్పుడు తొలి ధర 7.75 లక్షలు. మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ 2022 ఆగస్టులో 7.68 లక్షలతో మొదలైంది. ఆ పై రకాలు ఇంకా ఎక్కువ. ఇదే మహీంద్రా 2015లో మన జహీరాబాద్ ఫ్యాక్టరీ నుంచి 'జీతో' చిన్న బండిని 2.32 లక్షల తొలి ధరకు తెచ్చిన సంగతి గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. ధరలు పెరగడం ఒక ఎత్తయితే, కొనేవాళ్లు చిన్న తరగతి నుంచి పెద్ద తరగతికి జరగడం ఇంకో ఎత్తు. బజారులో పోటీ కూడా అటే నెడుతుంది. పక్కవాడు రెండు టన్నుల బండి పెడితే, కిరాయి ఇచ్చే వ్యాపారి చిన్న బండిని పిలవడు.

బండి పెద్దదైతే చట్టం దృష్టిలో కూడా దాని స్థాయి మారుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం, సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్ లాంటివి ఈ గీతకు బాగా కిందే ఉంటాయి. టన్నున్నర పైన మోసే పికప్‌లు తమ సొంత బరువుతో కలిపితే సాధారణంగా ఆ గీత దాటేస్తాయి. అప్పుడు పర్మిట్, దాని రెన్యువల్, పక్క రాష్ట్రానికి పోవాలంటే దానికి తగ్గ అనుమతి, అన్నీ మొదలవుతాయి. 3.5 టన్నులు దాటితే ఇంకొకటి: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఆ తరగతి బండ్లకు డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. మే నెల ఎండలో రామగుండం, రెంటచింతల మీదుగా బండి తోలేవాడికి ఏసీ విలాసం కాదు. ఆ నిబంధన మంచిదే. దాని ఖర్చు మాత్రం బండి ధరలోకి వస్తుంది.

పెరిగిన ధరలో పెద్ద భాగం పొగ గొట్టంలో ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు పాటించే బండ్లే అమ్మాలి. బీఎస్-4 తర్వాత రావాల్సిన బీఎస్-5ను వదిలేసి ప్రభుత్వం నేరుగా ఆరుకు దూకింది. డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గించారు. చిన్న డీజిల్ బండ్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు సుమారు 70 శాతం, మసి 80 శాతం తగ్గాలన్నారు. పాత ఏస్ ఇంజన్‌కు మామూలు పంపు, నాజిళ్లు ఉండేవి. సైకిల్ షాపు పక్కనున్న మెకానిక్ కూడా విప్పి బిగించేవాడు. కొత్త డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో కొట్టే కామన్ రైల్, పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు, మసిని పట్టుకునే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే పరికరం, వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే సెన్సర్లు ఉంటాయి. కొన్ని బండ్లలో డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం కూడా పోయించాలి. ఏస్ గోల్డ్ ప్లస్ లాంటివి యూరియా అక్కర్లేని వేరే పద్ధతి వాడుతున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చి, ప్రయోగశాలలోనే కాక రోడ్డు మీద తిరిగేటప్పుడు కూడా పొగ పరిమితిలోనే ఉండాలన్నారు.

ఇందులో మసి ఫిల్టరు గురించి కాస్త ఆగి చెప్పాలి. షోరూమ్‌లో దీన్ని వివరంగా చెప్పేవాళ్లు తక్కువ. ఈ ఫిల్టరులో పేరుకున్న మసి ఎప్పటికప్పుడు కాలిపోవాలి. అందుకు పొగ బాగా వేడెక్కాలి. బండి కొంతసేపు ఆగకుండా, ఓ మోస్తరు వేగంతో నడిస్తేనే ఆ వేడి పుడుతుంది. హైవే మీద తిరిగే బండికి ఇబ్బంది ఉండదు. పొద్దున్నే కాలనీ కాలనీకీ తిరుగుతూ వంద గజాలకోసారి ఆగే కూరగాయల బండికి ఆ వేడి రాదు. ఫిల్టరు మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని పట్టించుకోకుండా నడిపితే బండి తనంతట తానే ఇంజన్ బలం తగ్గించేస్తుంది. కంపెనీ సర్వీసు సెంటరుకు పోయి కంప్యూటరు పెట్టించి మసి కాల్పించాలి. అప్పటికీ కుదరకపోతే ఫిల్టరు మార్చాలి, దాని బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. కాబట్టి ఊళ్లోనే, తక్కువ దూరాలే తిరిగే పని అయితే డీజిల్ బండి కొనకపోవడం మంచిదని నా అభిప్రాయం. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లు మైలేజీలో వెనకబడినా ఈ తలనొప్పి ఉండదు. మన పిల్లల ఊపిరితిత్తుల కోసం వచ్చిన ఈ నిబంధనలు అవసరమే, అందులో నాకు సందేహం లేదు. మరమ్మతు పని ఊరి మెకానిక్ చేతిలోంచి సర్వీసు సెంటరు చేతికి పోవడం వల్ల ప్రతి చిన్న పనికీ గంటకింత లేబరు చార్జీ, పైన జీఎస్టీ, ఒకటి రెండు రోజుల కిరాయి నష్టం కలిసి పడుతున్నాయన్నది కూడా అంతే నిజం.

పన్ను విషయంలో ఈ మధ్య ఒక మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్నుకు ముందు ధర 6 లక్షలనుకుంటే, ఇంతకు ముందు 1.68 లక్షలు కట్టిన చోట ఇప్పుడు 1.08 లక్షలు. అరవై వేలు మిగిలినట్టే. అయితే ఈ పన్ను అందరి మీదా ఒకేలా పడదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ పది బండ్లు కొంటే, కట్టిన పన్నును తాను కట్టాల్సిన వేరే పన్నులో తగ్గించుకుంటుంది. ఒకే బండితో కిరాయిలు తోలుకునేవాడి సేవకు చట్టం జీఎస్టీ మినహాయింపు ఇచ్చింది. వినడానికి బాగుంటుంది గానీ, అమ్మకం మీద పన్ను లేనివాడికి కొనుగోలు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. బండి మీద, టైర్ల మీద, విడి భాగాల మీద కట్టిన ప్రతి రూపాయీ అతని సొంత ఖర్చే. జీఎస్టీలోకి రాని డీజిల్ సంగతి సరే సరి.

ఇక అప్పు. బండి ఖర్చు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ట్రాలీ బండి కొనేవాళ్లలో రొక్కం పెట్టి కొనేవాళ్లు బహు తక్కువ. ఫైనాన్స్ ఆఫీసులో చెప్పే మాట చాలాసార్లు ఇలా ఉంటుంది: 'ఎనిమిది శాతం వడ్డీ, నాలుగేళ్లు, నెలకు పదహారున్నర వేలు.' బ్యాంకు పన్నెండు అంటుంటే వీళ్లు ఎనిమిదికే ఇస్తున్నారని మురిసిపోతాం. ఆ ఎనిమిది ఫ్లాట్ వడ్డీ. 6 లక్షల మీద ఏడాదికి 48 వేల చొప్పున నాలుగేళ్లకు 1.92 లక్షల వడ్డీ, అసలుతో కలిపి 7.92 లక్షలు, 48తో భాగిస్తే నెలకు 16,500. లెక్క సరిగ్గానే ఉంది. చిక్కెక్కడంటే, మొదటి కంతు నుంచే మీరు అసలు తీరుస్తూ వస్తున్నారు. రెండేళ్లు గడిచేసరికి మీ దగ్గర వాళ్ల సొమ్ము సుమారు సగమే ఉంటుంది. వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 6 లక్షల మీదే పడుతుంది. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే బ్యాంకు పద్ధతిలోకి మారిస్తే, ఇది ఏడాదికి 14.3 శాతం అవుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, నూటికి నెలకు అరవై ఏడు పైసలనుకున్నది నిజానికి రూపాయి ఇరవై పైసలు. బ్యాంకు 12 శాతానికి ఇచ్చే అదే 6 లక్షలకు నాలుగేళ్ల కంతు 15,800. అంటే ఎనిమిది అన్నచోట కంటే పన్నెండు అన్నచోటే నెలకు 700 తక్కువ.

ఐదేళ్లకు సాగదీస్తే ఆ 12 శాతం అప్పుకే కంతు 13,350 దాకా తగ్గుతుంది, వడ్డీ మొత్తం మాత్రం 1.58 లక్షల నుంచి 2 లక్షలకు పెరుగుతుంది. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు, అప్పుతో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్, ఆలస్య రుసుము. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. ఇలాంటి చిన్న అప్పులన్నిటికీ ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి, అందులో అన్ని చార్జీలూ కలిపిన అసలైన వార్షిక రేటు ఉండాలి, అదీ అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని బ్యాంకులనూ ఫైనాన్స్ కంపెనీలనూ ఆదేశించింది. సంతకం పెట్టే ముందు ఆ పత్రం తెలుగులో అడిగి తీసుకోండి, ఆ ఒక్క అంకె చూడండి. రెండు చోట్ల ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు చవకో అక్కడికక్కడే తేలిపోతుంది. తాకట్టు లేకుండా 10 లక్షల దాకా ఇచ్చే ముద్ర రుణాలు సరుకు బండికీ వర్తిస్తాయి కాబట్టి, ముందు బ్యాంకు గడప తొక్కాకే ఫైనాన్స్ ఆఫీసుకు పోవడం మేలు.

ఇన్సూరెన్స్ దగ్గర నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ప్రీమియం కంపెనీ ఇష్టం కాదు, కేంద్రం నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండికి ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలు. ఇంజన్ 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉన్న సొంత కారుకు అదే పట్టికలో 3,416. కారు కంటే కిరాయి బండి ఎక్కువ తిరుగుతుంది, ప్రమాదం జరిగే వీలూ ఎక్కువే, కాబట్టి తేడా ఉండటం సహజం. కానీ సరుకుతో కలిపినా రెండు టన్నులు దాటని ఏస్ బండికీ, ఏడు టన్నుల లారీకీ ఒకటే ప్రీమియం ఏమిటి? నాలుగు లక్షల బండి ఓనరు తన బండి ధరలో నాలుగు శాతం ప్రతి ఏడూ ఈ ఒక్క పద్దు కిందే కడుతున్నాడు. ఆ పైన బండి నష్టానికి వేరే ప్రీమియం. సరుకు బండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఊరటే, చిన్న ఊరట.

ఇంత కట్టినా ఆ బీమా ఎవరికి వర్తించదో చాలామంది ఓనర్లకు తెలియదు. సరుకు బండిలో సరుకు యజమాని కూర్చుంటే అతనికి రక్షణ ఉంది. కూలీలను నాట్లకు, మిరప కోతలకు ఎక్కించుకుపోతే, పెళ్లివారిని ఎక్కించుకుపోతే, జాతరకు ఊరి జనాన్ని తీసుకుపోతే, వాళ్లు చట్టం దృష్టిలో సరుకు బండిలో ఎక్కకూడని ప్రయాణికులు. అలాంటివారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. బండి బోల్తా పడి ప్రాణాలు పోతే, ట్రైబ్యునల్ వేసే లక్షల పరిహారం ఓనరు ఇల్లూ పొలం మీదికి వస్తుంది. పోయిన వాళ్ల కుటుంబాలకూ ఆ సొమ్ము చేతికి అందడం కష్టమవుతుంది. ఒక్క ట్రిప్పుకు వచ్చే రెండు వేల కోసం తలకెత్తుకునే ప్రమాదం కాదిది. లైసెన్సు విషయంలో మాత్రం 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చిన్నవాళ్లకు మేలు చేసింది. 7,500 కిలోల లోపు రవాణా బండిని లైట్ మోటారు వెహికల్ లైసెన్సుతో నడపొచ్చనీ, ప్రత్యేక ఎండార్స్‌మెంట్ లేదన్న సాకుతో బీమా నిరాకరించరాదనీ స్పష్టం చేసింది.

డీజిల్ గురించి అందరికీ తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. లీటరు మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం 2014లో 3.56 రూపాయలుండేది, 2020 మేలో 31.83కు ఎగబాకింది, 2022 మేలో 15.80కి దిగింది. రాష్ట్రాల వ్యాట్ దీనికి అదనం. తెలంగాణలో 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతంతో పాటు లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. సరిహద్దు జిల్లాల డ్రైవర్లు కర్ణాటకలోకి పోయినప్పుడు అక్కడే ట్యాంకు నింపుకుని రావడం ఊరికే కాదు. టోల్‌గేట్ల దగ్గర కూడా ఇంతే. 2025 ఆగస్టు 15న మొదలైన మూడు వేల రూపాయల వార్షిక ఫాస్టాగ్ పాస్ సొంత కార్లకే, సరుకు బండికి లేదు.

ఇప్పుడు ఇవన్నీ ఒక కాగితం మీద పెడదాం. కింది అంకెలు నేను వేసిన అంచనా, మీ బండికి మీ అంకెలు వేసుకోండి. ఓనరే డ్రైవరు, నెలకు 2,500 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్లు. డీజిల్ లీటరు 96 చొప్పున 16,000. కంతు 16,500. థర్డ్ పార్టీ, బండి నష్టం కలిపి ఇన్సూరెన్స్ ఏడాదికి 30 వేలనుకుంటే నెలకు 2,500. టైర్లకు కిలోమీటరుకు అర్ధరూపాయి చొప్పున తీసి పక్కన పెడితే 1,250. సర్వీసు, ఆయిలు, చిన్న రిపేర్లకు 2,500. టోలు, పార్కింగు, దారి ఖర్చులకు 1,500. మొత్తం 40,250. నెలకు 26 రోజులు పని దొరికిందనుకుంటే, రోజుకు సుమారు 1,550 రూపాయలు సంపాదించేదాకా అతను ఇంటికి ఒక్క రూపాయి తీసుకుపోలేడు. కొత్త బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాల్సిన ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), దాని కోసం వేయించే రంగు, మార్పించే బ్రేకులు ఇందులో కలపలేదు. ట్యాక్సు కలపలేదు. నాలుగేళ్ల తర్వాత బండి పాతబడి సగం ధరకు పడిపోతుందన్న సంగతీ కలపలేదు.

ఈ 40,250ని 2,500 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 16 రూపాయలు. చాలామంది కిరాయి మాట్లాడుకునేది ఈ అంకె మనసులో పెట్టుకునే. ఇక్కడే దెబ్బ తింటున్నారు. హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు ఫర్నిచరు తీసుకుపోయిన బండి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది. సగం దూరం ఖాళీ అయితే, సరుకున్న ప్రతి కిలోమీటరూ 32 రూపాయలు తేవాలి. అందుకే బండి ఖర్చు తగ్గించుకునే దారుల్లో అన్నిటికంటే పెద్దది తిరుగు లోడు. టైరు కంపెనీ మార్చడం, ఆయిలు చౌకది పోయించడం దీని ముందు లెక్కలోకి రావు.

ఖర్చులిలా పెరుగుతుంటే కిరాయి ఎందుకు పెరగదు? ఈ ప్రశ్న దగ్గరే అసలు సమస్య ఉంది. బస్సు చార్జీని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పెద్ద లారీల కాంట్రాక్టుల్లో డీజిల్ ధర పెరిగితే కిరాయి పెరగాలన్న షరతు రాసుకుంటారు. అడ్డా మీద నిలబడ్డ ట్రాలీకి ఏ షరతూ లేదు. ఇరవై బండ్లు నిలబడి ఉంటాయి. అందులో ఐదారుగురికి అయిదో తారీఖున కంతు ఉంటుంది. బండి ఖాళీగా నిలబడినా కంతు ఆగదు గనక, డీజిల్ ఖర్చుకు పైన ఎంత వచ్చినా చాలని వాళ్లు దిగుతారు. ఆ దిగిన ధరే ఆ రోజు అడ్డా ధర అవుతుంది. అప్పు లేనివాడు కూడా దానికే ఒప్పుకోవాలి. ఫోన్ యాప్‌లు వచ్చాక బేరం మనిషితో కాకుండా తెరతో అయింది. లోడు వెతుక్కునే శ్రమ తగ్గినా, ధర చెప్పే హక్కు డ్రైవరు చేతిలో లేదు. సులువుగా దొరికే అప్పు బండ్ల సంఖ్యను పెంచింది, పెరిగిన బండ్లు కిరాయిని అణిచాయి, అణగిన కిరాయితో ఆ అప్పు తీరడం కష్టమైంది. నేను చూసినంతలో ఈ గొలుసే ట్రాలీ ఓనరును అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది.

ఆదాయం ఖాయంగా ఉంటే ఇదే బండి ఎంత తేలికో చూపించిన అనుభవం మన దగ్గరే ఉంది. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ సరఫరా కోసం 9,260 చిన్న బండ్లను, ఎక్కువ భాగం సబ్సిడీతో, స్వయం ఉపాధి పథకం కింద ఇచ్చింది. నెలనెలా ఇంత అని ప్రభుత్వమే చెల్లించేది. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ చౌకధరల దుకాణాలకు వెళ్లింది. ఆ పథకం రేషన్‌కు మేలా కీడా అన్న చర్చ వేరు. బండి కోణంలో చూస్తే, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డ వేల బండ్లు ఒక్కసారిగా పని వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక కంపెనీతోనో ఒక గోడౌన్‌తోనో ఒప్పందం చూసుకుని బండి కొనేవాళ్లు, ఆ ఒప్పందం ఎన్నేళ్లకు, కంతులు ఎన్నేళ్లకు అన్నది ముందుగా సరిచూసుకోవాలి.

కిరాయి చాలనప్పుడు అందరికీ తట్టే ఉపాయం ఓవర్‌లోడు. టన్ను బండి మీద రెండు టన్నులు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం దీనికి జరిమానా 20,000, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున. పట్టుబడకపోయినా బండి ఊరుకోదు. కమాన్ కట్టలు వంగుతాయి, క్లచ్ ప్లేట్లు కాలుతాయి, టైర్లు పగుళ్లిస్తాయి, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకు పట్టదు. ఐదేళ్లు రావాల్సిన బండి మూడేళ్లకే షెడ్డు పాలవుతుంది. కంతులేమో ఇంకా మిగిలే ఉంటాయి.

కరెంటు బండి ఈ లెక్కను కొంత మార్చగలదు. ఏస్ ప్రో ఎలక్ట్రిక్ 2025లో 6.50 లక్షలకు వచ్చింది. బ్యాటరీ 14.4 కిలోవాట్ అవర్లు, ఒక చార్జికి 155 కిలోమీటర్లని కంపెనీ మాట. లోడుతో, ఎండలో అంత రాదని అనుకుని వంద కిలోమీటర్లే పట్టుకున్నా, ఊళ్లోనే తిరుగుతూ రాత్రి ఇంటి దగ్గర చార్జి పెట్టుకునేవాడికి డీజిల్ ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది. మసి ఫిల్టరూ యూరియా గొడవా ఉండవు. మార్కెట్‌కు రాత్రిళ్లు దూరం పోయేవాడికి, అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాడికి ఇది ఇంకా కుదరదు.

ప్రభుత్వం చేతిలో వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. పర్మిట్ చట్టం 3,000 కిలోల దగ్గర గీత గీసి, ఆ లోపు బండ్లను చిన్నవిగా ఎప్పుడో గుర్తించింది. బీమా ప్రీమియం పట్టికలోనూ అదే గీత గీసి, ఆ లోపు బండ్లకు వేరే, తక్కువ రేటు పెట్టాలి. ఆ చిన్న బండ్ల ప్రమాదాల లెక్కలు బీమా కంపెనీల దగ్గర ఎలాగూ ఉంటాయి, వాటి ప్రకారమే రేటు కట్టొచ్చు. 2022లో కేంద్ర రవాణా శాఖ తుది పట్టికకు ముందు మార్చిలో ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడిగింది. అలాంటి ముసాయిదా మళ్లీ వచ్చినప్పుడు లారీ యజమానుల సంఘాలు తమ మాట చెప్పుకుంటాయి. మన ట్రాలీ యూనియన్లు చాలావరకు ఒక అడ్డాకు, ఒక మార్కెట్ గేటుకు పరిమితమై ఉన్నాయి. జిల్లా స్థాయిలోనైనా కలిసి, ఈ ఒక్క డిమాండును రాసి పంపడానికి అడ్డా ఒక రోజు మూసుకోవాల్సిన పని కూడా లేదు.